యంత్రం ‘కాదు’ అన్నప్పుడు

మా కళాశాల కంప్యూటర్ ప్రయోగశాలలో ఒక దురలవాటు క్రమక్రమంగా వేళ్లూనుతున్నది. కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించబోతే యంత్రం నిరాకరించి, అందుకు కారణాన్ని తెరమీద నాలుగైదు వాక్యాలలో వ్రాసి చూపుతుంది. ఆ వాక్యాలను విద్యార్థి చదవడు. ఎక్కడో దొరికిన బలవంతపు ఆదేశమొకటి ప్రయోగించి యంత్రం నోరు నొక్కుతాడు. అదీ కుదరకపోతే యంత్రాన్నంతా తుడిచివేసి మొదటినుంచి ప్రారంభిస్తాడు. దీనికి ‘ఫార్మాట్ కొట్టడం’ అని ఒక వీరోచితమైన పేరు కూడా ఏర్పడింది. గడచిన విద్యా సంవత్సరంలో మా ఏడవ నంబరు యంత్రానికి ఈ సత్కారం రెండుసార్లు జరిగింది. మూడవసారి జరగబోయి ఆగిపోయింది. అది ఎట్లా ఆగినదో చెప్పి, ఆ సందర్భంలో మాకు కలిగిన అభిప్రాయాన్ని విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచినాము.

తెలుగు పాఠం చెప్పుకునేవారికి ఈ గొడవ ఎందుకని కొందరు మిత్రులు చిరునవ్వు నవ్వవచ్చు. మేము దీనిలోనికి కోరి దిగలేదు. ఈ వార్షిక సంచిక ఉర్దూ పుటలూ తెలుగు పుటలూ కూర్చబడేది ఆ ఏడవ నంబరు యంత్రంలోనే. పాత సంచికలను గ్రంథాలయంలో తిరగవేసినవారికి తెలుసు: ఆ రోజులలో ఉర్దూ విభాగాన్ని కాతిబ్ కలంతో వ్రాసేవాడు, తెలుగు విభాగాన్ని కంపోజిటర్ సీసపు అక్షరాలతో పేర్చేవాడు. రెండు చేతులు, రెండు విద్యలు, రెండు చోట్లు. అట్ట కుట్టేటప్పుడు తప్ప ఆ రెండు భాషలూ కలుసుకునేవి కావు. ఇప్పుడు రెండూ ఒకే యంత్రంలో, లిబ్రెఆఫీస్ అనే ఒకే వ్రాతపనిముట్టుతో తయారవుతున్నాయి. కనుక ఆ యంత్రం మూగవోయిన రోజున ఉభయ భాషల సంపాదకులూ ఒకే బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడవలసి వచ్చింది.

జరిగినది ఇది. నస్తాలీఖ్ లిపిలో కొన్ని అక్షరాల తలలు పంక్తి పైభాగాన తెగినట్లు కనబడుతున్నాయని మా విద్యార్థి ఒకడు గమనించినాడు. సదుద్దేశంతోనే దానిని సరిచేయబూనినాడు. అక్షరాలను కూర్చే సాఫ్ట్‌వేర్‌లో కొత్త వెర్షన్ వేసుకుంటే బాగుపడుతుందని ఎక్కడో చదివి, అధికారికం కాని ఒక బయటి భాండాగారం చిరునామాను యంత్రానికి చేర్చి, అక్కడినుంచి ఒక్కటంటే ఒక్క ప్యాకేజీని తెప్పించినాడు. ఆ సమయంలో యంత్రం ఒక జాబితా చూపింది: ఈ క్రింది ప్యాకేజీలు తొలగింపబడతాయి, సమ్మతమేనా? జాబితా పొడవుగా ఉన్నది. విద్యార్థి ‘వై’ అక్షరాన్ని నొక్కినాడు. లిబ్రెఆఫీస్ మొత్తం అంతర్ధానమైనది. తిరిగి వేయబోతే రానన్నది. భయపడి, తాను చేర్చిన చిరునామాను తుడిచివేసినాడు. దానితో చిక్కు విడలేదు సరిగదా, మరింత బిగిసింది. అది ఎందుకో తరువాత చెబుతాము. అచ్చుకు ఇవ్వవలసిన గడువు ఆరు రోజులలో ఉన్నది. ఉర్దూ పుటలు నలభై రెండు ఆ యంత్రంలోనే ఉన్నాయి. వేరొక ప్రతి లేదు. ఫార్మాట్ కొడదామని ప్రయోగశాల మొత్తం ఏకకంఠంతో తీర్మానించింది.

ఇక్కడ కొంచెం వెనుకకు వెళ్లి, ఈ ప్యాకేజీలనేవి ఏమిటో, అవి ఒకదానిపై ఒకటి ఆధారపడటం ఏమిటో చెప్పడం అవసరం.

ఏ సాఫ్ట్‌వేరూ తనకు కావలసిన పనులన్నీ తానే చేసుకోదు. లిబ్రెఆఫీస్‌నే తీసుకుందాము. మనం ‘స్త్రీ’ అని టైపు చేస్తే యంత్రం దృష్టిలో అవి ఆరు విడి సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఆ ఆరింటినీ కలిపి, తవత్తును క్రింద ఉంచి, రవత్తును దానికి తగిలించి, గుడి దీర్ఘాన్ని సకారం మీదికి చేర్చి ఒక్క అక్షరంగా నిలబెట్టే పని లిబ్రెఆఫీస్‌ది కాదు. నస్తాలీఖ్‌లో ప్రతి అక్షరం తన ఇరుగుపొరుగును బట్టి రూపం మార్చుకుని, కుడినుంచి ఎడమకు వాలుగా దిగివస్తుంది కదా, ఆ వాలును లెక్కగట్టే పనీ దానిది కాదు. ఆ రెండు పనులనూ హార్ఫ్‌బజ్ అనే మరొక చిన్న సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. దీనిని తీర్చిదిద్దినవారిలో ప్రముఖుడు బెహదాద్ ఇస్ఫహ్‌బూద్ అనే ఇరానీ జాతీయుడు. పేరు కూడా ఫారసీయే. హర్ఫ్ అనగా అక్షరమని మన ఉర్దూ విద్యార్థులకు చెప్పనక్కరలేదు. బాజ్ అనగా తెరచినది. ఓపెన్‌టైప్ అనే ఆంగ్లపు మాటకు అది ఫారసీ చేత. మన సంచికలోని రెండు లిపులూ ఈ ఒక్క హర్ఫ్‌బాజ్ భుజాలమీద నిలబడి ఉన్నాయన్న సంగతి మాకు ఆ రోజు వరకు తెలియదు. తెలిసినప్పుడు, దాపరికమెందుకు, యంత్రం చెడినందుకు విచారించడం కూడా కొంతసేపు మరచిపోయినాము.

ఈ విధంగా ఒకటి మరొకదానిని కోరుకోవడమే ఆధారపడటం. ఆంగ్లంలో డిపెండెన్సీ, ఉర్దూలో ఇన్హిసార్. మా ప్రయోగశాలలో ఉన్నది 1993లో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ వ్యవస్థ. మేము వాడుతున్నది 2023 జూన్‌లో వెలువడిన పన్నెండవ విడుదల. 2025 ఆగస్టులో పదమూడవది వచ్చినది గాని మేము ఇంకా అందులోనికి మారలేదు. పన్నెండవ విడుదలలో 64,000కు పైగా ప్యాకేజీలు ఉన్నాయి. ప్రతి ప్యాకేజీ తనతో ఒక చీటీ తెచ్చుకుంటుంది. నాకు ఫలానాది కావాలి, అది ఫలానా వెర్షన్ అయి ఉండాలి, ఫలానాదానితో నాకు పొసగదు అని అందులో వ్రాసి ఉంటుంది. ఈ చీటీలన్నిటినీ చదివి, ఎవరికీ మాట తప్పకుండా పొంతన కుదిర్చే పెద్దమనిషి పేరు ఆప్ట్. 1999లో వెలువడిన డెబియన్ విడుదల నుంచి అది ఈ పని చేస్తున్నది. దీనిని ప్యాకేజీ మేనేజర్ అంటారు.

ఈ పొంతన కుదర్చడం సులభమైన పని కాదు. ఎవరికీ మాట తప్పకుండా ఒక కూటమిని ఏర్పరచడం సాధ్యమా, అసాధ్యమా అని తేల్చడమే గణితశాస్త్రంలోని అతి క్లిష్టమైన సమస్యల తరగతికి చెందినదని ఐరోపా పరిశోధకులు నిరూపించి ఇప్పటికి సుమారు ఇరవై ఏళ్లు. ఆచరణలో ఆప్ట్ చాలాసార్లు క్షణాలలో పరిష్కారం చెప్పగలుగుతున్నది నిజమే. అయితే అది చెప్పిన పరిష్కారం మనకు కావలసిన పరిష్కారమే అయి ఉండాలని లేదు. ‘మీరడిగిన ఒక్కటీ వేయాలంటే ఈ ముప్పై తీసివేయాలి’ అన్నది కూడా దాని లెక్కలో న్యాయమైన పరిష్కారమే. అందుకే అది మనలను అడుగుతుంది. అడిగినప్పుడు చదవవలసిన బాధ్యత మనది.

ఇది మా విద్యార్థి ఒక్కని లోపం కాదు. 2021 నవంబరులో కెనడాకు చెందిన లైనస్ సెబాస్టియన్, కంప్యూటర్ విషయాల వీడియోల ద్వారా లక్షల మందికి పరిచితుడు, పాప్ ఓఎస్ అనే లినక్స్ వ్యవస్థలో స్టీమ్ అనే ఆటల సాఫ్ట్‌వేర్ వేయబోయినాడు. ఆ రోజున ప్యాకేజీల మధ్య పొంతన చెడి ఉన్నది. ఆప్ట్ తన లెక్క తాను వేసుకుని, స్టీమ్ రావాలంటే వ్యవస్థకు అత్యవసరమైనవే పోవలసి ఉంటుందని హెచ్చరించి, సామాన్యమైన ‘వై’ చాలదనుకుని, ‘అవును, నేను చెప్పినట్లే చేయి’ అనే అర్థం గల ఆంగ్ల వాక్యాన్ని పూర్తిగా టైపు చేయమన్నది. ఆయన అక్షరం పొల్లుపోకుండా ‘యెస్, డూ యాజ్ ఐ సే’ అని టైపు చేసినాడు. తెరమీది దృశ్యరంగమంతా మాయమై నల్లని తెర మిగిలింది. ఆయన అజ్ఞాని కాడు. ఆ తరువాత ఆప్ట్ నిర్వాహకులు ఈ తలుపును మరింత గట్టిగా బిగించారు, అది మంచిదే. కాని ఎంత బిగించినా, చదవకుండా సమ్మతించే చేతిని ఏ తలుపు ఆపగలదు?

ఇక ఏడవ నంబరు యంత్రం దగ్గరకు వద్దాము. మేము చేయగలిగినది ఒక్కటే. పద్యానికి అన్వయం చెప్పేటప్పుడు ఏమి చేస్తామో అదే చేయబూనినాము. తెరమీది వాక్యాన్ని విరామ చిహ్నాలతో సహా ఒక కాగితం మీద వ్రాయించినాము. ‘లిబ్రెఆఫీస్‌కు రైటర్ భాగం కావాలి, కాని అది వేయబడబోవడం లేదు’ అని మాత్రమే అక్కడ ఉన్నది. ఎందుకు వేయబడదో లేదు. ఆప్ట్‌కు ఇది ఒక అవలక్షణం: చిక్కు నాలుగు మెట్లు క్రింద ఉంటే పై మెట్టు గురించి మాత్రమే చెప్పి ఊరుకుంటుంది. కనుక అది పేర్కొన్న భాగాన్నే పట్టుకుని, ‘సరే, ఆ ఒక్కటే వేయి’ అని అడగాలి. అప్పుడది తరువాతి మెట్టు చెబుతుంది. రైటర్‌ను అడిగితే కోర్ అనే భాగం పేరు చెప్పింది. కోర్‌ను అడిగితే హార్ఫ్‌బజ్-ఐసియు అనే దాని పేరు చెప్పింది. దానిని అడిగితే అసలు మాట బయటపడింది: హార్ఫ్‌బజ్-ఐసియుకు హార్ఫ్‌బజ్ సరిగా 6.0.0 వెర్షనే కావాలి, కాని యంత్రంలో ఉన్నది ఎనిమిదవ శ్రేణిది.

బి.ఏ. రెండవ సంవత్సరం చదువుతున్న ఒక ఉర్దూ మాధ్యమ విద్యార్థిని కాగితం చేతిలో పట్టుకుని ఉన్నది. చాలాసేపు చూచి అన్నది: “సార్, ఇది ‘లేదు’ అని అనడం లేదు. ‘ఎక్కువైంది’ అంటున్నది.”

చిక్కంతా ఆ ఒక్క మాటలో ఉన్నది. అంతవరకు అందరూ ఏదో లోపించినదని భావించి మరింత తెచ్చి పోస్తున్నారు.

మన శాస్త్రకారులు పదాల కూర్పు వాక్యం కావడానికి మూడు షరతులు చెప్పారు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఒక పదం మరొక పదాన్ని కోరడం ఆకాంక్ష. కోరిన పదం అర్థానికి తగినదై ఉండటం యోగ్యత. ‘నిప్పుతో తడిపినాడు’ అంటే పదాలన్నీ ఉన్నా వాక్యం నిలవదు. పదాలు ఒకదానికొకటి అందుబాటులో ఉండటం సన్నిధి. ఒక పదం ఉదయం, మరొక పదం సాయంత్రం పలికితే అర్థం పుట్టదు. తరగతి గదిలో ఏటేటా మేము వల్లించే ఈ పాఠం ఒక యంత్రం తెరమీద ఇంత స్పష్టంగా ఎదురవుతుందని అనుకోలేదు. ప్యాకేజీ చీటీలో వ్రాసిన కోరిక ఆకాంక్ష. దానికి తగిన వెర్షన్ యోగ్యత. అది ఏదో ఒక భాండాగారంలో దొరకడం సన్నిధి. ఆప్ట్ ‘కాదు’ అన్నప్పుడల్లా ఈ మూడింటిలో ఏది తప్పినదో వెదకితే చాలావరకు దారి కనబడుతుంది. కొన్నిచోట్ల రెండు ప్యాకేజీలు బద్ధవైరులై ఒకచోట ఉండజాలనని భీష్మించడం కూడా ఉన్నది. దానిని మన శాస్త్రంలో ఎక్కడ చేర్చాలో మాకు తోచలేదు.

సన్నిధి తప్పితే ఏమవుతుందో 2016 మార్చి 22న లోకమంతా చూచింది. జావాస్క్రిప్ట్ వ్రాసేవారి భాండాగారమైన ఎన్‌పీఎమ్‌లో లెఫ్ట్-ప్యాడ్ అనే ప్యాకేజీ ఉండేది. పదకొండు పంక్తుల వ్రాత. ఒక పదానికి ఎడమ వైపున ఖాళీలు నింపడం తప్ప అది చేసే పని మరేమీ లేదు. మరొక ప్యాకేజీ పేరు విషయమై తగాదా వచ్చి, దాని రచయిత కినుకతో తన వ్రాతలన్నిటినీ ఉపసంహరించుకున్నాడు. ఆ పదకొండు పంక్తులు కనబడక ప్రపంచమంతటా వేల సాఫ్ట్‌వేర్‌ల నిర్మాణం నిలిచిపోయింది. బాబెల్ వంటి పెద్దవి కూడా. కొన్ని గంటలలో నిర్వాహకులు దానిని తిరిగి నిలిపి, ఆ పైన ఉపసంహరణ నిబంధనలను కట్టుదిట్టం చేశారు. అప్పుడు కూడా తెరమీద కనబడిన వాక్యం ‘ఫలానాది దొరకలేదు’ అని సూటిగానే చెప్పింది. యంత్రాలను తుడిచివేసినవారికి ఏమీ లాభించలేదు, లోపమున్నది వారి యంత్రాలలో కాదు గనుక.

మా విషయంలో తప్పినది యోగ్యత. అది తెలిసిన తరువాత తక్కిన పని త్వరగానే సాగింది. ఆప్ట్-క్యాష్ పాలసీ అనే ఆదేశం ఒక ప్యాకేజీ యొక్క పూర్వాపరాలను చెబుతుంది: ఇప్పుడు ఉన్నది ఏది, వేయదగినదిగా తలచుచున్నది ఏది, ఏ వెర్షన్ ఏ భాండాగారం నుంచి లభిస్తుంది. హార్ఫ్‌బజ్‌ను గురించి అడిగినాము. 6.0.0 వెర్షన్ పక్కన డెబియన్ భాండాగారం చిరునామా, 500 అనే అంకె ఉన్నాయి. ఎనిమిదవ శ్రేణి వెర్షన్ పక్కన 100 అనే అంకె ఉన్నది, చిరునామా స్థానంలో యంత్రంలోని సొంత చిట్టా పేరు మాత్రమే ఉన్నది. అనగా అది ఏ ఊరినుంచి వచ్చినదో చెప్పేవారు లేని అనాథ. విద్యార్థి బయటి చిరునామాను తుడిచివేయడం వలన కలిగిన ఫలితమది. ఆ చిరునామా ఉన్నట్లయితే ఎనిమిదవ శ్రేణి హార్ఫ్‌బజ్-ఐసియు కూడా అక్కడినుంచే వచ్చి, మంచికో చెడుకో జంట కుదిరేది. చిరునామా పోయింది, ప్యాకేజీ మిగిలింది. పాత వెర్షన్ అందుబాటులో ఉన్నా, ఉన్నదానికంటె వెనుకటిదానికి ఆప్ట్ తనంత తాను దిగదు. మనం పేరు పెట్టి, వెర్షన్ అంకెతో సహా కోరాలి.

కోరే ముందు ఇంకొక పని చేసినాము. ఆప్ట్-గెట్‌కు ‘మైనస్ ఎస్’ అనే గుర్తు చేర్చి ఆదేశమిస్తే అది నిజంగా ఏమీ చేయకుండా, చేస్తే ఏమి జరుగుతుందో మాత్రం పంక్తి పంక్తిగా చెబుతుంది. నాటకానికి ముందు ఒత్తిగ వంటిది. ఏమేమి పోతాయో, ఏమేమి వస్తాయో అందరూ కలిసి చదివినారు. హార్ఫ్‌బజ్, దాని తోబుట్టువులు రెండు మూడు పాత వెర్షన్‌కు దిగుతాయి, హార్ఫ్‌బజ్-ఐసియు వస్తుంది, పోయేది ఏదీ లేదు. అప్పుడు నిజమైన ఆదేశం ఇచ్చినాము. ఆ తరువాత లిబ్రెఆఫీస్ ఏ పేచీ లేకుండా వచ్చి కూర్చున్నది. మొదలుపెట్టినది మధ్యాహ్నం భోజనం గంట తరువాత. ముగిసేసరికి అసర్ నమాజు వేళ. నలభై రెండు ఉర్దూ పుటలు చెక్కుచెదరలేదు. చెదరవు కూడా: ప్యాకేజీని తొలగించినప్పుడు విద్యార్థి వ్రాసుకున్న దస్త్రాల జోలికి ఆప్ట్ పోదు. పోయేది ఫార్మాట్‌తోనే.

తెగిన నస్తాలీఖ్ తలలు సరి అయినవా అని అడుగుతారేమో. పంక్తుల మధ్య ఎడం కొద్దిగా పెంచితే సరిపోయింది. ఉర్దూ లెక్చరర్ గారు ఈ మాట మొదటి రోజే అన్నారట, ఎవరూ వినలేదు.

యంత్రాన్ని మరీ వెనకేసుకురావడం మా ఉద్దేశం కాదు. దాని భాషలో కూడా దోషాలున్నాయి. ఆ రోజు తెరమీద చివరి వాక్యం ‘మీరు విరిగిన ప్యాకేజీలను పట్టి ఉంచినారు’ అని ఉన్నది. ‘పట్టి ఉంచడం’ అనేది ఆప్ట్ పరిభాషలో ఒక ప్రత్యేక చర్య: ఈ ప్యాకేజీని మార్చవద్దని మనం ఇచ్చే ఆజ్ఞ. ఆప్ట్-మార్క్ షోహోల్డ్ అని అడిగితే అట్లా పట్టి ఉంచినవాటి జాబితా వస్తుంది. అడిగినాము; జాబితా శూన్యం. అంటే యంత్రం చేయని నేరాన్ని మనమీద మోపుతున్నది. చిక్కు విడదీయలేనప్పుడల్లా అది అనే ఊతపదం ఇది. వేలమంది దీనిని నమ్మి లేని పట్టును వదలించబోయి కాలం వృథా చేసుకుంటున్నారు. కాబట్టి చదవడం అంటే ప్రతి వాక్యాన్నీ వేదవాక్యంగా నమ్మడం అని మా భావం కాదు. ప్యాకేజీ పేరు, గుర్తు, అంకె ఉన్న వాక్యాన్ని నమ్మవచ్చు. నిట్టూర్పు విడిచే వాక్యాన్ని దాటిపోవచ్చు.

పైథాన్ నేర్చుకుంటున్న విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక మాట. మీరు పిప్ అనే మరొక ప్యాకేజీ మేనేజర్‌ను వాడుతున్నారు. ఆప్ట్ ఉన్న ఇంటిలోనే పిప్ కూడా కాపురముంటుంది. ఒకరి లెక్కలు ఒకరికి తెలియవు. పిప్‌కు కూడా సమగ్రంగా పొంతన చూచే శక్తి 2020 చివరలో వచ్చిన 20.3 వెర్షన్‌తోనే కలిగింది. అంతకు ముందు పొసగనివాటిని కూడా ఒకచోట వేసి ఊరుకునేది. డెబియన్ పన్నెండవ విడుదల నుంచి, వ్యవస్థకు చెందిన పైథాన్‌లో వేలు పెట్టబోతే పిప్ నిరాకరించి, వేరుగా ఒక వెన్వ్ ఏర్పరచుకొమ్మని సలహా ఇస్తుంది. వెన్వ్ అనగా ఒక్కొక్క పనికి ఒక్కొక్క వేరు గది. అందులో మీరేమి చేసుకున్నా ఇంటి గోడలు కదలవు. ఆ సలహాను మీలో ఎందరు పాటిస్తున్నారు? ఆ నిరాకరణను దాటడానికి ఒక గుర్తు ఉన్నది. దాని పేరు ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’, అనగా వ్యవస్థ ప్యాకేజీలను విరుగగొట్టు. అంత నిజాయితీగా పేరు పెట్టిన గుర్తు మరొకటి మేము ఎరుగము. ప్రయోగశాల గోడమీద పెన్సిలుతో ఎవరో ఆ గుర్తును వ్రాసి, దాని క్రింద ‘ఇది వేస్తే పని అవుతుంది’ అని వ్రాసినారు. పని అవుతుంది, నిజమే.

ఇప్పుడు కమిటీ పెద్దలతో మా మనవి. ఏడవ నంబరు యంత్రం వార్త విన్న పిమ్మట ఒక సభ్యులు, కళాశాల మేలు కోరేవారే, ఉచితంగా వచ్చినది ఇట్లాగే ఉంటుంది, డబ్బు పెట్టి కొన్నదానికి మారుదామని ప్రతిపాదించినారు. వారి ఆవేదన అర్థం చేసుకోదగినది. కాని ఈ వ్యాధి ఉచితానికి మాత్రమే పరిమితమైనది కాదు. 1990 ప్రాంతపు విండోస్ వాడినవారికి ‘డీఎల్ఎల్ నరకం’ అనే మాట గుర్తుండే ఉంటుంది. ఒక సాఫ్ట్‌వేర్ తాను తెచ్చుకున్న ఉమ్మడి దస్త్రాన్ని వ్యవస్థలో ఉన్న మరొక వెర్షన్ మీద రుద్దితే, రెండవ సాఫ్ట్‌వేర్ నోరు మెదపకుండా చతికిలబడేది. అక్కడ ‘కాదు’ అని ముందుగా చెప్పేవారు కూడా లేరు. మరొకరి వ్రాతమీద ఆధారపడినంత కాలం పొంతన సమస్య తప్పదు. పొంతన చెడినప్పుడు కారణం చెప్పే వ్యవస్థ కావాలా, చెప్పనిది కావాలా అన్నదే మన ముందున్న ప్రశ్న.

మరొక మాట కూడా వచ్చింది: ఫార్మాట్‌కు గంటన్నర, మీ పరిశోధనకు ఒక మధ్యాహ్నం, ఏది లాభం? ప్రాక్టికల్ పరీక్షకు ముందురోజు అయితే, దస్త్రాలకు వేరొక ప్రతి ఉంటే, మేము కూడా ఫార్మాట్‌నే సమర్థిస్తాము. మొండితనం మాకు లేదు. కాని ఆ ఏడవ నంబరు యంత్రమే ముందు రెండుసార్లు ఎందుకు తుడవవలసి వచ్చినదో నేటికీ ఎవరూ చెప్పలేరు. తుడిచినప్పుడు తప్పుతోపాటు తప్పు యొక్క జాడ కూడా పోయింది. మూడవసారి జాడ ఉన్నది. ఆప్ట్ తన చిట్టాలో, ఏ తేదీన ఏ ఆదేశంతో ఏమి వేసినది, ఏమి తీసివేసినది తు.చ. తప్పకుండా వ్రాసిపెట్టుకున్నది. విద్యార్థి నొక్కిన ‘వై’ వెనుక పోయిన ప్యాకేజీల పేర్లన్నీ మాకు దొరికినది ఆ చిట్టాలోనే. అతనిని మందలించడానికి ఆ చిట్టా వాడలేదు. అతని చేతనే చదివించినాము.

మేము కోరేది పెద్ద ఖర్చు కాదు. నిర్వాహక సంకేతపదం ఈనాడు ప్రయోగశాలలో అందరికీ తెలుసు. అది ఇద్దరు ముగ్గురికి మించి తెలియరాదు. అధికారిక భాండాగారం వెలుపలి చిరునామా చేర్చదలచినవారు కారణాన్ని ఒక పుస్తకంలో వ్రాసి సంతకం చేయాలి. ప్రాక్టికల్ పరీక్షలో కొన్ని మార్కులు, పొంతన చెడిన ఒక యంత్రాన్ని ముందుంచి తెరమీది వాక్యానికి అర్థం వ్రాయించడానికి కేటాయించాలి. అర్థం తెలుగులో వ్రాసినా, ఉర్దూలో వ్రాసినా అంగీకరించాలి. ఇంతకూ ఆ తెర చూపే ఆంగ్లం గట్టిగా పది మాటలు మించదు. ఆ పది మాటలకు భయపడి మన పిల్లలు నలభై రెండు పుటలను తుడవడానికి సిద్ధపడినారంటే, ఆ లోటు కంప్యూటర్ శాఖది ఒక్కటే కాదు, భాషలు బోధించే మాది కూడా.

పుస్తకం విషయంలో కమిటీ తీర్మానం కోసం మేము వేచి ఉండలేదు. రెండు వందల పుటల నోటుపుస్తకానికి నవారు తాడు కట్టి ప్రయోగశాల తలుపు పక్కన మేకుకు తగిలించినాము. మొదటి నమోదు, బయటి హార్ఫ్‌బజ్‌ను తెచ్చిన విద్యార్థిదే. స్వహస్తంతో, తేదీతో సహా వ్రాసినాడు. ఇప్పటికి నాలుగు పుటలు నిండినాయి. కొనుగోళ్ల విషయమై కమిటీ వచ్చే సమావేశంలో నిర్ణయం తీసుకునే ముందు ఆ నాలుగు పుటలు ఒకసారి తెప్పించుకొని చూడవలసినదిగా ప్రార్థిస్తున్నాము.